మడి కారు

చిన్న కారులో చోటు కావాలంటే ముందు అందులోని మెత్తదనం తీసెయ్యాలి. ఇది నేను ఎక్కడో చదివి చెప్పే మాట కాదు. నా చదువు మూడో తరగతితో సరి. ఏలూరులో మా ఇంటి పెరట్లో, నా కళ్ళ ఎదుట, ఒక బుల్లి కారు కడుపులో ఉన్నదంతా తోడి బయటపెట్టారు. స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకలు, తోలు, తివాసీ ముక్కలు. అంత చిన్న డొక్కలో అంత సరుకు ఎలా పట్టిందా అని ముక్కున వేలేసుకున్నాను. అంతా తీశాక లోపల ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోగలిగినంత జాగా కనిపించింది. ఆ జాగా నా కోసమే అన్నారు. అందుకే నాకు ఇంత బాగా గుర్తు.

పందొమ్మిది వందల ముప్పైల మాట. మా వారు ఏలూరు కోర్టులో ప్లీడరు. ఇంట్లో మేం నలుగురమే: ఆయన, మా అత్తగారు, నేను, అప్పుడప్పుడే నడక నేరుస్తున్న మా అమ్మాయి. మిషను ఆసుపత్రిలో పనిచేసే ఒక దొరసాని తన దేశం వెళ్ళిపోతూ కారు అమ్మేస్తోందని తెలిసి మా వారు వెళ్ళి తెచ్చారు. బేబీ కారు అనేవారు దాన్ని. పేరుకు తగ్గట్టే ఉండేది. రెండు తలుపులు, ముందు రెండు సీట్లు, వెనక చిన్నపిల్లలకి సరిపోయే ఇరుకు సీటు, పైన గుడ్డ టాపు. ముందు సీటు మడిస్తేగాని వెనక్కి ఎక్కడానికి వీలుండదు. ఆ దొరసాని సన్నగా ఒంటరిగా తిరిగే మనిషి కాబట్టి ఆవిడకి అది చాలింది. మా ఇంటికి చాలదని మొదటి రోజే నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

మా పుట్టిల్లు గుండుగొలను దిగువన, కొల్లేటి వైపు పొలాల్లోకి దిగే దారిలో ఒక చిన్న ఊరు. కారు రాకముందు నా రాకపోకలకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మా అన్నయ్య వచ్చి తీసుకెళ్ళేవాడు. పాసింజరు బండిలో భీమడోలు దాకా, అక్కణ్ణించి ఎడ్లబండి. పొద్దున్న ఏలూరులో బయల్దేరితే భోజనాల వేళకి మా అమ్మ ముందు కూర్చునేదాన్ని. కారు వచ్చింది, నా రైలు పోయింది. "ఇంట్లో కారు పెట్టుకుని ప్లీడరు గారి భార్య మూడో తరగతి పెట్టెలో మూట పట్టుకు దిగిందిట" అని నలుగురూ అనుకుంటారని మా వారి భయం. పోనీ కారులో తీసుకెళ్ళారా అంటే అదీ లేదు. కోర్టుకీ క్లబ్బుకీ తిరగడానికే దానికి తీరేది కాదు. దసరాకి వెళ్ళలేదు, సంవత్సరాదికి వెళ్ళలేదు. కారు ఉన్న ఇంటి కోడలు ఎక్కడికీ వెళ్ళకూడదు కాబోలు అనుకున్నాను.

మా అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఆవిడది నిండా ముప్పై ఏళ్ళు రాకముందే పసుపు కుంకుమలు పోగొట్టుకున్న బతుకు. జుట్టు తీసేశారు, నగలు తీసేశారు, రంగు చీరలు తీసేశారు. ఆవిడ చేతిలో మిగిలిందల్లా మడి ఒక్కటే. తెల్లారకుండా స్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిబట్ట కర్రతో అందుకుని కట్టుకుంటే, వంటా పూజా భోజనమూ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ కాసేపూ ఆ ఇంట్లో ఆవిడ మహారాణి. ఆవిడ నడుస్తుంటే మేమంతా గోడలకి అతుక్కుపోయి దారి ఇచ్చేవాళ్ళం. ఆవిడ మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. మనిషికి ఒక్క గొప్పే మిగిలితే దాన్ని గట్టిగానే పట్టుకుంటుంది.

కారులో సీట్లు తోలువి. మా అత్తగారు వాటిని వేలితో కూడా తాకలేదు.

"చచ్చిన గొడ్డు తోలు మీద కూర్చుని వెళ్ళి, అక్కడ దేవుడికి నైవేద్యం వండమంటావుట్రా?" అనేవారు.

"జింకతోలు మీద కూర్చుని జపం చేసుకుంటారు కదమ్మా" అని మా వారు.

"జింకా గొడ్డూ ఒకటేనా? కోర్టులో నువ్వు వాదించేది ఇలాగేనా? పాపం, నీ క్లయింట్లు."

ఆవిడకి కారెక్కాలని లేకపోలేదు. తాడేపల్లిగూడెంలో ఆవిడ కూతురు, అంటే మా ఆడపడుచు, కాపురం ఉండేది. రైల్లో వెళితే మడి పోతుంది. అక్కడ దిగి మళ్ళీ స్నానం చేసి, తడిబట్టతో వణుకుతూ వంటలోకి దిగాలి. కారులో అయితే ఏలూరులో కట్టుకున్న మడితో గూడెంలో దిగి నేరుగా పొయ్యి ముట్టించవచ్చు. ఆవిడ ఎరిగిన ఆడవాళ్ళలో ఎవరికీ జరగని భోగం అది. తోలు ఒక్కటే అడ్డం.

అలా ఉండగా మా అన్నయ్య ఏదో పని మీద ఏలూరు వచ్చి మా ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే చెప్పాడు.

"అమ్మకి బాగాలేదమ్మడూ. చలిజ్వరం వదలడం లేదు, కాళ్ళు పొంగాయి. మంచం దిగడం లేదు. నిన్నూ పిల్లనీ చూడాలని ఒకటే పోరు." తరవాత మా వారి వైపు తిరిగి, "సాయంత్రం బండికి నాతో పంపించండి బావగారూ" అన్నాడు.

నేను అప్పటికే లోపలికి వెళ్ళి పిల్ల బట్టలు మూట కడుతున్నాను. అక్కణ్ణించే విన్నాను.

"అదేమిటి బావా, ఇంట్లో కారుండగా రైలెందుకు? వచ్చే ఆదివారం మా చెల్లెలింట్లో వ్రతం. మడివంటకి అమ్మని గూడెం తీసుకెళ్ళాలి. ఎలాగూ మీ దారే కదా. మీ చెల్లెల్ని మీ గుమ్మంలో దింపి ముందుకు వెళతాను."

"ఆదివారం దాకా అంటే..." అని అన్నయ్య నసిగాడు. "అయినా అందరికీ అందులో చోటుంటుందాండీ?"

"లేకపోతే చేయిస్తాం" అన్నారు మా వారు.

మూట విప్పేశాను. ఒక్క పెట్రోలుకి రెండు పనులు కలిసొస్తాయని నాకూ అనిపించింది. వృథా ఖర్చు ఎవరు చేసినా నాకు గిట్టదు. అన్నయ్య ఒక్కడే వెళ్ళిపోయాడు. వెళుతూ, "ఆదివారం చెల్లాయి వస్తుందని అమ్మకి చెబుతాను" అన్నాడు.

మర్నాడు మోటార్లు బాగుచేసే సాయిబు సామాన్ల సంచీతో మా పెరట్లోకి వచ్చాడు. హాస్యం మనిషి. సీట్లు ఊడదీస్తూనే అరుగు మీదున్న మా అత్తగారి వైపు ఓరగా చూసి మా వారితో అన్నాడు:

"టైర్లు కూడా తీసెయ్యమంటారాండీ ప్లీడరు గారూ?"

"అవెందుకోయ్?"

"అబ్బే, అమ్మగారికి అనుమానం వస్తుందేమోనని. అది రబ్బరండి, చెట్టు పాలేనండి. ఆ ముక్క ముందే చెప్పండి మరి, నాకు మళ్ళీ తిరుగుడు లేకుండా."

మా అత్తగారు వినపడనట్టే, "చెట్టు పాలైతే ఫరవాలేదని చెప్పు" అన్నారు.

ముందు సీట్లు రెండూ వచ్చాయి, వెనకదీ వచ్చింది. మెత్తగా, పొంగుగా, ఎర్రమట్టి రంగులో నిగనిగలాడుతున్నాయి. తోలు ఇంట్లో ఉండడానికి లేదు కాబట్టి సాయిబే బండి మీద వేసుకుపోయి, తన షెడ్డులో గోడవార వేసుకున్నాడు. పనికోసం వచ్చినవాళ్ళు కూర్చునేవారు. మా వారు కూడా సాయంత్రాలు అక్కడే కూర్చుని పేపరు చదివి, ఇంటికొచ్చి స్నానం చేసేవారు. మా కారు సీట్ల మీద ఊళ్ళో కూర్చోనిది నేనొక్కదాన్నే.

సీట్లు పోయాక అడుగున రేకు బయటపడింది. మధ్యలో గూనిలా ఎత్తు. దాని మీద కూర్చోవడం కుదరదు. మా వారు కలప డిపోకి బయల్దేరబోతుంటే నేనే, "కొత్త కలపెందుకండీ, పశువుల కొట్టానిది పాత తలుపు రెక్క అటక మీద ఊరికే ఉంది కదా" అన్నాను. మంచి టేకు, ఒకే పలక. వడ్రంగి వచ్చి దాన్ని చిత్రిక పట్టి, కారు ముందునుంచి వెనక దాకా పరిచాడు. గూని కనిపించకుండా నున్నటి బల్లలా అయింది. వెనక వైపు మా అత్తగారు బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి తగినంత వెడల్పు. ఆవిడ కాళ్ళు వేలాడేసి కూర్చునే మనిషి కాదు. ముందు, మా వారి పక్కన సీటు ఉన్న చోట, నేనూ పిల్లా. మా వారికి మాత్రం చక్రం వెనక ఒక ఎత్తు పీట. మడి మనిషిని తీసుకెళ్ళాలంటే తోలే మనిషీ మడిగా ఉండాలి కాబట్టి ఆయన పట్టుపంచె కట్టి, చొక్కా లేకుండా పైన కండువాతో తోలాలని ఏర్పాటు. ఈ సంగతి కోర్టులో ఎలా తెలిసిందో గాని మర్నాటికల్లా మా కారుకి మడి కారని పేరు పెట్టేశారు. గుమస్తాలు ఆయన్ని చూసి, "కొంచెం తప్పుకోండర్రా, మడి కారు వస్తోంది" అని గోడకి జరిగేవారట. ఆయన ఇంటికొచ్చి చెప్పి నవ్వేవారు. అప్పుడు నేనూ నవ్వాను.

అంతా అయిందనుకున్నాక మా అత్తగారు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి లోపలికి చూశారు.

"ఇది ఒకటే పలకేనా?"

"ఒకటే అమ్మా. మంచి టేకు" అన్నారు మా వారు గర్వంగా.

"ఒక పలక మీద కోడలు ఆ చివర, నేను ఈ చివరా? ఒకే పీట మీద కూర్చుంటే ముట్టుకున్నట్టు కాదుట్రా?"

వడ్రంగి తల గోక్కున్నాడు. అది నిజమే. మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే. గట్టిగా ఉంటుందని ఒకే పలక వేయించిన మా వారికి తట్టలేదు, తలుపు రెక్క తీసిచ్చిన నాకూ తట్టలేదు.

"నేనూ మడి కట్టుకుంటానండీ అత్తయ్యగారూ" అన్నాను.

"నువ్వు కట్టుకుంటావు. నీ ఒళ్ళో పిల్ల? కుట్టిన గౌను వేస్తావు, దారిలో ఒళ్ళో పోస్తుంది. అప్పుడు నీ మడేమిటి, నా మడేమిటి?"

పలక రెండు ముక్కలు చెయ్యవలసి వచ్చింది. వడ్రంగి రంపం పట్టి, నా భాగం నాకూ ఆవిడ భాగం ఆవిడకీ కోశాడు. మధ్యలో బెత్తెడు సందు వదిలాడు. మా అత్తగారు ఒక చీపురుపుల్ల ఆ సందులో పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగి చూసి, ఎక్కడా తగలకపోతే, "సరే" అన్నారు. ఆ సందు కోసం పోయినది నా ముక్కలోనిదే. ఆవిడ ముక్క తగ్గలేదు. రంపపు పొట్టు పోగుచేసి నీళ్ళ పొయ్యిలోకి దాచాను.

ఆ సాయంత్రం పిల్లని ఎత్తుకుని నా ముక్క మీద కూర్చుని చూసుకున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఒక పక్క గేరు కర్ర, ఒక పక్క తలుపు. పట్టాను. ఎవరికీ తగలకుండా పట్టాను. "చాలుతుందా?" అని మా వారు అడిగితే, "బ్రహ్మాండంగా చాలుతుందండీ" అన్నాను. మా అమ్మని చూడడానికి అంతకంటే చోటెందుకు?

ఆదివారం పొద్దున్నే పిల్లకి తలంటి, కాటుక పెట్టి, నేను వెంకటగిరి చీర కట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. అమ్మ కోసం ఉసిరికాయ పచ్చడి చిన్న జాడీలో తీసుకున్నాను. జ్వరపు నోటికి హితవుగా ఉంటుందని. మా వారు పట్టుపంచెతో వచ్చి హాండిలు తిప్పి కారు స్టార్టు చేశారు. మా అత్తగారు మడిబట్టతో వచ్చి, చెయ్యి ఎక్కడా ఆనించకుండా, ముందు భాగంలోంచి దాటుకుని తన ముక్క మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఎంత బాగా కుదిరిందో ఆవిడ మొహంలో కనిపించింది. ఆవిడ అలా పిల్లలా సంతోషపడడం నేను ముందెప్పుడూ చూడలేదు.

అప్పుడు అడిగారు: "నీళ్ళ బిందె ఏదిరా?"

గూడెంలో మా ఆడపడుచు వాళ్ళ వీధి నూతిలో తోలు చేదతో నీళ్ళు తోడుతున్నారని ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఆ నీళ్ళతో వంట చెయ్యనని, మన నూతి నీళ్ళు పట్టుకెళ్ళాలని ఆవిడ నిర్ణయం. పెద్ద ఇత్తడి బిందె నిండా మడినీళ్ళు తోడి, మూత పెట్టి, తులసికోట దగ్గర సిద్ధంగా ఉంచారు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు ఆవిడకి. వంటకి నీళ్ళు కావాలని ఒకరికి చెప్పాలా?

మా వారు బిందె ఎత్తుకుని వచ్చి కారు దగ్గర నిలబడ్డారు. ఆవిడ పక్కన పట్టదు. ఆవిడ కాళ్ళ దగ్గర పట్టదు. వెనక పెట్టడానికి అప్పట్లో ఆ కారుకి డిక్కీ లాంటిదేమీ లేదు. అటు చూశారు, ఇటు చూశారు.

"నా ఒళ్ళో పెట్టుకుంటానండీ" అన్నాను.

"నీ ఒళ్ళో పెట్టుకున్నాక అవి మడినీళ్ళెలా అవుతాయే?" అన్నారు మా అత్తగారు. కోపంగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నీళ్ళు లేకపోతే నేను రాను. తరవాత నీ ఇష్టంరా అబ్బాయ్, నువ్వే చూసుకో."

అలా ఆయన చేతికే వదిలేశారు ఆవిడ. ఒక పక్క బిందె, ఒక పక్క నేను. ఆయన బిందెని తీసుకెళ్ళి నా ముక్క మీద పెట్టారు. సరిగ్గా పట్టింది. దొర్లకుండా నాలుగు పక్కలా చుట్టగుడ్డ దోపారు. అప్పుడు తలెత్తి నావైపు చూశారు. ఆ చూపులో, పాపం, నిజంగానే విచారం ఉంది. నాకు ఒళ్ళు మండింది ఆ విచారానికే. విచారపడే మనిషిని ఏమనడానికీ వీల్లేదు కదా.

"ఈసారికి సర్దుకో. వచ్చే ఆదివారం నిన్నొక్కదాన్నే తీసుకెళతాను, తప్పకుండా."

"దారిలో మా ఊళ్ళో ఆగి అమ్మని ఒకసారి చూడండి. వచ్చే వారం వస్తున్నానని చెప్పండి. ఈ పచ్చడి ఇవ్వండి" అన్నాను.

"అలాగే, అలాగే." జాడీ తీసుకుని తన పీట కింద పెట్టుకున్నారు. కారు వెళ్ళిపోయింది. పిల్ల కారు కోసం ఏడుస్తుంటే లోపలికి తీసుకెళ్ళి, మంచి చీర విప్పి మడత పెట్టాను.

పొద్దుగూకే వేళకి తిరిగొచ్చారు. వ్రతం దివ్యంగా జరిగిందట. ఏలూరు నుంచి మడితో వచ్చి వండిందని మా అత్తగార్ని గూడెంలో అందరూ మెచ్చుకున్నారట. నేను ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను.

"మా అమ్మ ఎలా ఉంది?"

"ఆగడానికి వీలు కాలేదు" అన్నారు. "మా అమ్మ మడిలో ఉంది కదా. రోగిష్టి ఇంట్లోకి వెళ్ళొస్తే మళ్ళీ నేను స్నానం చెయ్యాలి. వచ్చేటప్పుడు ఆగుదామంటే పొద్దు పోయింది. వచ్చే ఆదివారం వెళుతున్నాం కదా." జాడీ పీట కింద అలాగే ఉంది. మూత కూడా కదల్లేదు.

వచ్చే ఆదివారం రాలేదు. అంటే నాకు రాలేదు. వారం మధ్యలో, మా వారు కోర్టుకి వెళ్ళాక, అన్నయ్య దగ్గరి పాలేరు వచ్చాడు. "అమ్మగారికి బాగాలేదండి, తమర్ని తొందరగా రమ్మన్నారండి" అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. గడప దాటి లోపలికి రాలేదు. చావు కబురు తెచ్చేవాళ్ళే అలా నిలబడతారని మాకు తెలుసు.

పిల్లని చంకనేసుకున్నాను.

"ఆగవే, అబ్బాయిని కోర్టు నుంచి పిలిపిస్తాను. కారులో వెళ్దువుగాని" అన్నారు మా అత్తగారు.

"మీ మడి కారు మీకే ఉంచుకోండి అత్తయ్యగారూ. నేను రైల్లో వెళతాను" అని పాలేరు వెంట స్టేషనుకి నడిచాను. అత్తగారి మాట కాదనడం నా కాపురంలో అదే మొదలు.

ఆడవాళ్ళ పెట్టె కిటకిటలాడుతోంది. కొల్లేటి ఊళ్ళవాళ్ళు ఖాళీ చేపల బుట్టలతో తిరిగి వెళుతున్నారు. తలుపు దగ్గర నిలబడిపోతే ఒకావిడ, "ఓలమ్మా, పిల్లతల్లి. కాస్త జరగండే, ఒల్లు బలిసి కూకున్నారు" అని పక్కవాళ్ళని మోచేత్తో తోసింది. వాళ్ళు తిట్టుకుంటూనే జరిగారు. నేను కూర్చున్నాను. నీచువాసన వేస్తున్న చీరకొంగు నా భుజానికి తగులుతూనే ఉంది, భీమడోలు దాకా. నాకు అప్పుడు ఏ పట్టింపూ గుర్తు రాలేదు.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. అయిపోవడం అంటే ప్రాణం పోవడం ఒక్కటే కాదు, దహనంతో సహా అంతా అయిపోయింది. ఎండ తీవ్రంగా ఉంది, ఉంచడానికి వీల్లేదన్నారట పెద్దలు. కొల్లేటి వైపు గట్టు మీద సన్నగా పొగ లేస్తోంది. అన్నయ్య తడిబట్టలతో తిరిగొస్తూ నన్ను దారిలో చూసి అక్కడే చతికిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళాక వదిన చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

"ఆదివారం పొద్దున్నించీ మీ కోసమే చూశారు వదినగారూ. తల దువ్వించుకున్నారు. ఉతికిన చీర కట్టమన్నారు. ఎండ ఎక్కాక రోడ్డు మీద కారు హారను మోగింది. పొలాల మీంచి బాగా వినపడింది. 'అదుగో, వచ్చేశారు, నన్ను లేవదియ్యండర్రా' అన్నారు. ఇద్దరం పట్టుకుని లేవదీసి గోడకి దిండు వేశాం. చాలాసేపు అలాగే కూర్చున్నారు. పడుకోమంటే వినలేదు. 'కారు అక్కడ ఆపుకుని, గట్టు మీద నడిచి రావాలి కదా, పిల్లతో. టైము పడుతుంది' అన్నారు."

ఆ తరవాత మళ్ళీ లేవలేదట.

పెళ్ళయిన కూతురికి మైల మూడు రోజులే. ఆ మూడు రోజులూ గడిచి స్నానాలయ్యాక మా వారు కారు వేసుకుని వచ్చారు. చొక్కా తొడుక్కునే వచ్చారు. గట్టు మొదట్లో కారు ఆపుకుని నడిచి వచ్చి, అన్నయ్యని పరామర్శించి, అందరితో మర్యాదగా మాట్లాడి, తరవాత నన్ను పిలిచారు. కారు దాకా వెళ్ళాను. రెండు పలకల మీదా కలిపి బొంత పరిచారు. పైన నా దిండు.

"ఎక్కు" అన్నారు. "ఎవరూ లేరు. కావలసినంత చోటుంది."

నేను లోపలికి చూస్తూ నిలబడ్డాను.

"ఆదివారం ఇక్కడ హారను కొట్టారా మీరు?" అని అడిగాను.

"ఆదివారమా?" అని ఆలోచించారు. "ఆఁ, కొట్టాను. గేదెలు అడ్డొచ్చాయి. మందంతా రోడ్డు మీదే ఉంది, ఎంతకీ కదలవు. ఎందుకు?"

"ఏం లేదండీ. నేను పాలేరుతో రైల్లో వస్తాను."

"అదేమిటి? కారు ఖాళీగా పోతుంటే నువ్వు రైల్లో వెళితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ ఎక్కించుకోండి. చోటుంది కదా."

ఆయన ఒక్కరే వెళ్ళిపోయారు. నేను మర్నాడు పాసింజరులో ఏలూరు చేరి, వంటింట్లోకి వెళ్ళి, నా పని నేను చేసుకున్నాను. ఆయన పోయేదాకా కాపురం చేశాను, లోటు రానివ్వలేదు. మా అమ్మ ఆ హారను విని లేచి కూర్చుందన్న ముక్క మాత్రం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. బాధపడతారని కాదు. "అయ్యో, తెలిస్తే ఆగేవాణ్ణి కదా" అంటారని.